మరిది గారి సూట్‌కేసులో రైఫిల్ వద్దమ్మా

ప్రశ్న: మాది గాజువాక. మా వారు స్టీల్ ప్లాంట్‌లో పనిచేస్తారు. అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడాదిన్నరగా ఎయిర్ రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటోంది. ఇప్పటిదాకా క్లబ్బు రైఫిల్‌తోనే కొడుతోంది. మొన్న ప్రాక్టీస్ మ్యాచ్‌లో 60 షాట్లకు 588 వచ్చింది. ఇక సొంత రైఫిల్ ఉంటే మంచిదని కోచ్ గారు అన్నారు. మన దేశంలో తయారైనది తీసుకుంటే జర్మన్ రైఫిల్ ధరలో సగం కూడా కాదట. పాప మాత్రం జర్మన్‌దే కావాలంటోంది. తన స్నేహితురాలికి అది కొన్నాక స్కోరు పెరిగిందట. మా మరిది స్టుట్‌గార్ట్‌లో ఉంటాడు. అక్కడ షాపులో లైసెన్సు లేకుండానే అమ్ముతారు, సంక్రాంతికి వచ్చేటప్పుడు విప్పేసి సూట్‌కేసులో పెట్టుకొస్తానంటున్నాడు. మా వారు పీఎఫ్ లోన్ పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. నాకే టెన్షన్‌గా ఉంది. తెప్పించుకోవాలా, ఇక్కడే కొనాలా?

– ఒక అమ్మ, గాజువాక

జవాబు:

అమ్మా, మిగతా సంగతులు తర్వాత. ముందు ఈ రోజే మీ మరిది గారికి ఫోన్ చేసి, రైఫిల్ కొనవద్దని చెప్పండి. కొనేసి ఉంటే తిరిగి ఇచ్చేయమనండి. ఆయన ప్రేమతోనే అంటున్నారు, అందులో అనుమానం లేదు. కానీ ఆ సూట్‌కేసు మన ఎయిర్‌పోర్టులో స్కానర్ కిందికి వెళ్లిన నిమిషం నుంచి పండక్కి వచ్చిన మనిషి పండగ చేసుకోలేరు.

ఆయన ఎక్కడ పొరబడ్డారో నాకు తెలుసు. జర్మనీలో 7.5 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్ మీద ఐదు మూలల గుర్తులో ‘ఎఫ్’ అక్షరం ముద్రించి ఉంటుంది. ఆ ముద్ర ఉన్నదాన్ని 18 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా షాపుకి వెళ్లి కొనుక్కోవచ్చు. 10 మీటర్ల పోటీ రైఫిళ్లన్నీ దాదాపు ఆ కోవలోవే. ఇటు మన దేశంలోనూ 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ల లోపు ఎయిర్ రైఫిల్ ఇంట్లో ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అక్కడా అక్కర్లేదు, ఇక్కడా అక్కర్లేదు, మరి మధ్యలో ఏముంటుంది అనుకున్నారు ఆయన. మధ్యలో సరిహద్దు ఉంది. ఇంట్లో ఉంచుకోవడం ఒక చట్టం చూసే పని, దేశంలోకి తీసుకురావడం వేరే చట్టాలు చూసే పని. విదేశీ వాణిజ్య విధానంలో ఎయిర్ గన్‌ల దిగుమతి ‘నియంత్రిత’ జాబితాలో ఉంది. అంటే అనుమతి కాగితం ముందు రావాలి, వస్తువు తర్వాత రావాలి. డ్యూటీ కట్టేస్తాను వదిలేయండి అంటే కుదరదు. కస్టమ్స్ చట్టం కింద వస్తువును జప్తు చేసి, తెచ్చినవారికి జరిమానా వేసే అధికారం వాళ్లకు ఉంది.

విప్పేసి తేవడం మరీ పెద్ద తప్పు. బారెల్, అంటే గొట్టం ఒక పెట్టెలో, భుజానికి ఆనించి పట్టుకునే స్టాక్ ఇంకో పెట్టెలో దొరికితే తెలియక తెచ్చారని ఎవరూ అనుకోరు, దాచి తెచ్చారనే అనుకుంటారు. దానికి తోడు పెల్లెట్‌ను, అంటే సీసపు గుండును నెట్టే గాలి సిలిండర్. 200 బార్ ఒత్తిడితో నిండిన సిలిండర్‌ను చెప్పకుండా విమానంలో పెట్టడం తోటి ప్రయాణికులందరికీ ప్రమాదం.

అయితే జర్మన్ రైఫిల్‌కి దారే లేదా? ఉంది. కానీ ఆ దారి డబ్బుతో తెరుచుకునేది కాదు, స్కోరుతో తెరుచుకునేది. జాతీయ రైఫిల్ సంఘం, అందరూ ఎన్‌ఆర్‌ఏఐ అంటారు, పోటీల్లో నిర్ణీత స్కోరు దాటినవాళ్లకు ‘రినౌన్డ్ షాట్’ అనే గుర్తింపు ఇస్తుంది. ఆ గుర్తింపు, దాంతోపాటు సిఫారసు కాగితం ఉన్న షూటర్ తన సొంత వాడకానికి రైఫిల్, పెల్లెట్లు తెప్పించుకోవచ్చు. దిగుమతి సుంకంలో మినహాయింపు కూడా ఉంటుంది. అలా తెచ్చుకున్నదాన్ని నచ్చలేదని మర్నాడే ఎవరికో అమ్మేయడానికి మాత్రం వీల్లేదు, షరతులుంటాయి. మీ పాప ఆ గుర్తింపు దాకా రావాలంటే జిల్లా, రాష్ట్రం, ఆపైన మావలంకర్ పోటీలు, తర్వాత నేషనల్స్ అనే మెట్లు ఎక్కాలి. మావలంకర్ అంటే లోక్‌సభ మొదటి స్పీకర్ గారే. 1951లో ఈ సంఘం పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయన. పిల్లలకు ఈ పేరు వెనకున్న మనిషెవరో చెప్పండి, పోటీకి వెళ్లేటప్పుడు ఉత్సాహంగా ఉంటుంది.

ఇంకో దారి, అనుమతితో దిగుమతి చేసుకుని ఇక్కడ అమ్మే డీలర్ దగ్గర కొనడం. అది మీకు దేశంలో కొన్నట్టే. సరిహద్దు తలనొప్పి డీలర్ పడతాడు, దాని ఖరీదు మీ బిల్లులో ఉంటుంది. అలా కొంటే రైఫిల్ సీరియల్ నంబరు వేసిన బిల్లుతో పాటు కస్టమ్స్ వాళ్ల ‘బిల్ ఆఫ్ ఎంట్రీ’ కాపీ తప్పకుండా అడగండి. అది ఇవ్వడానికి నసిగేవాడి దగ్గర ఎంత చవగ్గా వచ్చినా కొనకండి. రేపు పోటీకి వెళ్లేటప్పుడు రైల్లోనో, ఎయిర్‌పోర్టులోనో ఎవరైనా అడిగితే చూపించాల్సింది ఆ కాగితమే. అప్పుడు రైఫిల్ భుజాన వేసుకుని నిలబడేది మీ పాపే.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. జర్మన్‌దా, మనదా?

588 అంటే సగటున షాటుకు 9.8. ఈ అంకె వెనక ఉన్న కొలత మీకు అర్థమైతే సగం బెంగ తీరుతుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. 10 మీటర్ల టార్గెట్‌లో నడిమి చుక్క అర మిల్లీమీటరు. పెన్నుతో పెట్టిన చుక్కంత. పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లు. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకితే 10.0. అక్కడి నుంచి లోపలికి ప్రతి పావు మిల్లీమీటరుకు పాయింటులో పదో వంతు చొప్పున పెరుగుతూ 10.9 దాకా వెళుతుంది. అంటే 60 షాట్లకు గరిష్ఠం 654. మీ పాప పెల్లెట్లు సగటున నడిమి నుంచి 3 మిల్లీమీటర్ల దూరంలో పడుతున్నాయి. 14 ఏళ్ల పిల్లకు, ఏడాదిన్నర అభ్యాసానికి, అదీ పదిమంది చేతులు మారే క్లబ్బు రైఫిల్‌తో, ఇది మంచి స్కోరు. ఈ మాట పాపకు నా మాటగా చెప్పండి.

ఇప్పుడు ఆ 3 మిల్లీమీటర్లలో రైఫిల్ వాటా ఎంత, పాప వాటా ఎంత? ఇది ఊహతో తేల్చేది కాదు, కొలిచి తేల్చేది. రైఫిల్‌ను బల్లకు బిగించిన క్లాంపులో పెట్టి, ఒకే కార్డు మీద పది పెల్లెట్లు కొట్టాలి. మనిషి వణుకు, ఊపిరి, గుండె చప్పుడు ఏవీ ఉండవు కాబట్టి పది పెల్లెట్లూ దాదాపు ఒకే కన్నంలోకి వెళ్లాలి. ఆ కన్నాన్ని ఒక అంచు నుంచి ఎదురు అంచుదాకా కాలిపర్‌తో కొలవండి. 7 మిల్లీమీటర్ల లోపు ఉందనుకుందాం. పెల్లెట్ మందం 4.5 తీసేస్తే పెల్లెట్ల మధ్య అసలు తేడా రెండున్నర. అంటే నడిమి నుంచి ఎటు చూసినా ఒకటిం పావు మిల్లీమీటరు. టార్గెట్ లెక్కలో అది 10.5. అన్నిటికన్నా దూరంగా పోయిన పెల్లెట్‌కే 10.5 ఇచ్చే రైఫిల్ అన్నమాట. 60 షాట్లూ 10.5 కొడితే 630. మన దేశంలో జాతీయ జట్టు కోసం పోటీ పడేవాళ్లు కొట్టే స్కోర్లు ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. అలాంటి రైఫిల్ 588 దగ్గరున్న పిల్లను ఆపదు. ఇంకో 30 పాయింట్ల దాకా అది అడ్డం రాదని నేను ధైర్యంగా చెప్పగలను.

మన దేశంలో తయారయ్యే మ్యాచ్ రైఫిళ్లు ఆ పరీక్షలో నిలబడతాయా అంటే, మంచి పెల్లెట్ జత కుదిరితే నిలబడే రైఫిళ్లు ఇప్పుడు వస్తున్నాయి. నేను నేర్చుకునే రోజుల్లో ఈ మాట అనలేకపోయేవాళ్లం. అప్పుడు మనవాళ్లు చేసేవి బారెల్ విరిచి స్ప్రింగ్ బిగించే రైఫిళ్లు, గాడిలోంచి గురిచూసే ఓపెన్ సైట్ పోటీలకు సరిపోయేవి. ఇప్పుడు ముంబై వైపు ప్రిసిహోల్ లాంటి కంపెనీలు సిలిండర్ గాలితో పేలే, చిన్న రంధ్రంలోంచి గురిచూసే పీప్ సైట్ రైఫిళ్లు చేస్తున్నాయి. అయితే ఒకే మోడల్‌లో ఒక రైఫిల్‌కీ ఇంకో రైఫిల్‌కీ మధ్య తేడా వచ్చే అవకాశం జర్మన్ వాటికన్నా వీటిలో ఎక్కువ. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, అన్‌షుట్జ్ వాళ్లు కొత్త రైఫిల్‌తో పాటు ఫ్యాక్టరీలో కొట్టిన టెస్ట్ కార్డు కూడా పెట్టి ఇస్తారు. ఇక్కడ కొనేటప్పుడు ఆ కార్డు మీరే కొట్టించుకోవాలి. మోడల్ పేరు చూసి డబ్బు కట్టకండి. మీకు ఇవ్వబోయే ఆ రైఫిల్‌నే, ఆ సీరియల్ నంబరుదాన్నే క్లాంపులో పెట్టి కొట్టి చూపించమనండి. రెండు మూడు రకాల పెల్లెట్లతో కొట్టించండి. పెల్లెట్ డబ్బా మీద 4.49, 4.50 అని తల సైజు రాసి ఉంటుంది. ఆ వెంట్రుకవాసి తేడాకే ఒక బారెల్ ఒకదాన్ని ఇష్టపడుతుంది, ఇంకోదాన్ని విసిరికొడుతుంది.

జర్మన్ రైఫిల్‌లో గొప్ప లేదని నేను అనను. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా చివరి షాట్ 10.8 కొట్టి స్వర్ణం గెలిచినప్పుడు ఆయన చేతిలో ఉన్నది వాల్తరే. ట్రిగ్గర్ మీద వేలు పెడితే తెలుస్తుంది తేడా. మంచి ట్రిగ్గర్‌కి మొదటి మెట్టు, రెండో మెట్టు మధ్య గోడ ఉన్నట్టు స్పష్టంగా ఉంటుంది, ఆపైన ఆలోచన వచ్చినంతలో పేలుతుంది. పేలాక రైఫిల్‌లో కదలిక ఉండదు. ఇవన్నీ నిజమే. కానీ ఆ తేడాను వేలు గుర్తుపట్టడానికి ముందు శరీరం నిలబడటం నేర్చుకోవాలి. ఆ స్నేహితురాలి స్కోరు పెరగడానికి జర్మనీయే కారణమో, మొదటిసారి తన కొలతలకు సరిచేసి ఉంచుకునే సొంత రైఫిల్ దొరకడమే కారణమో ఒకసారి ఆలోచించండి. క్లబ్బు రైఫిల్‌కి రోజూ ఎవరో భుజానికి ఆనే బట్ ప్లేట్ కిందికి దింపుతారు, చెంప ఆనించే చీక్ పీస్ పైకి లేపుతారు. పాప ప్రాక్టీస్ మొదటి ఇరవై నిమిషాలు దాన్ని మళ్లీ తన దారికి తెచ్చుకోవడానికే పోతాయి. సొంతదైతే ఆ బాధ మొదటి రోజే తీరుతుంది, ఏ దేశానిదైనా సరే.

పైగా మీ పాపకు 14 ఏళ్లు. ఇంకా పొడుగవుతుంది, భుజాలు వెడల్పవుతాయి. నిబంధనల ప్రకారం ఎయిర్ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. పెద్దవాళ్ల జర్మన్ మోడళ్లు ఆ బరువుకు దగ్గరగానే ఉంటాయి. నిలబడి కొట్టే భంగిమలో నడుము వెనక్కి వాలుతుంది, బరువంతా వెన్ను మీద పడుతుంది. నలభై కిలోల పిల్లకు అంత బరువు ఇస్తే ఆరు నెలల్లో నడుంనొప్పి అంటుంది. ఇప్పుడు కావలసింది నాలుగు కిలోల చుట్టుపక్కల ఉండి, స్టాక్ పొడవు, బట్ ప్లేట్, చీక్ పీస్ అన్నీ జరుపుకునే వీలున్నది.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన చిన్న పరీక్ష ఒకటుంది. ఈ ఆదివారం పాపను ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య రూపాయి బిళ్లంత సందు ఉంచి, అందులోంచి డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్‌ను రెండు కళ్లతో చూడమనండి. తర్వాత ఒక కన్ను, మళ్లీ రెండో కన్ను మూయమనండి. ఏ కన్ను మూసినప్పుడు లైట్‌హౌస్ మాయమైందో అది ఆమె బలమైన కన్ను. చేతివాటం కుడి, కన్ను ఎడమ అయితే కోచ్ గారితో మాట్లాడకుండా ఏ రైఫిలూ కొనకూడదు. కుడిచేతి స్టాక్, ఎడమచేతి స్టాక్ వేరువేరు. లక్షలు పెట్టి కొన్నాక ఈ సంగతి తెలుసుకుని ఏడ్చిన పిల్లల్ని చూశాను.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నేను వేరే ఊళ్లో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ జర్మన్ రైఫిల్ కొన్నాను. బారెల్ బాగుంది, ట్రిగ్గర్ బాగుంది, ధర బాగుంది. ఇంటికి తెచ్చుకుని తుడుస్తుంటే సిలిండర్ మీద చెక్కిన నెల, సంవత్సరం కనిపించాయి. ఆ కంపెనీలు సిలిండర్‌కు పదేళ్ల ఆయుష్షు ఇస్తాయి. నేను కొన్నదానికి అది దాటిపోయి ఏడాదిన్నర. అమ్మినాయన మాట దాటేశారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. గడువు తీరిన సిలిండర్‌తో పోటీకి వెళ్లకూడదు. పోటీ సంగతి అటుంచి, 200 బార్ ఒత్తిడిని చెంప పక్కన పెట్టుకుని కొట్టాలి కదా. కొత్త సిలిండర్ విదేశం నుంచి రావాలి. అంటే మళ్లీ అదే దిగుమతి, మళ్లీ అవే కాగితాలు. నాలుగు నెలలు రైఫిల్ బీరువాలో ఉంది, నేను ఖాళీ చేతులతో రేంజ్‌కి వెళ్లి వేరేవాళ్లు కొడుతుంటే చూశాను. ఆ సీజన్ పోయింది. అప్పుడు నాకు తెలిసొచ్చింది, రైఫిల్‌ను ఒక్కసారి తెప్పించుకోవడంతో అయిపోదని. సీలు, వాషరు, రెగ్యులేటరు, సిలిండరు, దేనికైనా ఆ ఊరి వైపే చూడాలి. ఇక్కడ తయారైనదైతే పార్సిల్ కట్టి పంపితే బాగుచేసి పంపుతారు, ఫోన్‌లో హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడి అడగొచ్చు. పరీక్షల మధ్య సందు చూసుకుని పోటీలకు వెళ్లే స్కూలు పిల్లకు ఇది చిన్న సంగతి కాదు.

సెకండ్ హ్యాండ్ అంటే ఇప్పటికీ నాకు వ్యతిరేకత లేదు. మీ క్లబ్బులోనే సీనియర్లు రైఫిల్ మార్చుకుంటూ ఉంటారు. కళ్లెదుట వాడిన రైఫిల్, కాగితాలు సరిగ్గా ఉన్నది, సిలిండర్‌కు ఇంకా ఐదారేళ్లు ఉన్నది దొరికితే అది కొత్త దేశీ రైఫిల్ కన్నా మంచి బేరం కావచ్చు. మొదట చూడాల్సింది సిలిండర్ మీది తేదీ, తర్వాతే మిగతావి.

మన విశాఖకు ప్రత్యేకమైన శత్రువు ఉప్పు గాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి కరెంటు లేదు. నీళ్లు, పాలు, కొవ్వొత్తుల గొడవలో రైఫిల్ పెట్టె సంగతే మర్చిపోయాను. తెరిచి చూసేసరికి పెట్టెలోపలి ఫోమ్ చెమ్మగా ఉంది, అది తగిలిన మేరా బారెల్ మీద గోధుమరంగు చుక్కలు, ఆవాలు చల్లినట్టు. ఫోమ్ నీటిని పీల్చుకుని ఉక్కు పక్కనే దాచిపెడుతుంది. అప్పటి నుంచి ఇంటికి రాగానే రైఫిల్‌ను పెట్టెలోంచి తీసి, నూనె గుడ్డతో తుడిచి, నూలు బట్టలో చుట్టి బీరువాలో పెడుతున్నాను. సిలికా జెల్ సంచులు వేసి, నెలకోసారి మారుస్తాను. ప్రయాణానికే పెట్టె, నిల్వకు కాదు. ఇది జర్మన్ ఉక్కుకైనా, మన ఉక్కుకైనా ఒకటే. ఆ మాటకొస్తే ఉక్కు గురించి మీ వారికి నేను చెప్పాలా!

గాలి నింపించడం గురించి కూడా ముందే ఆలోచించుకోండి. క్లబ్బులో కంప్రెసర్ ఉంటే సమస్య లేదు. లేకపోతే స్కూబా డైవింగ్ ట్యాంకు నుంచి నింపుకోవచ్చు, అందులో ఉండేది వడకట్టిన పొడిగాలి. చేతి పంపుతో నింపితే మన ఊరి గాలిలోని తేమంతా సిలిండర్‌లోకి వెళుతుంది, ఫిల్టర్ లేకుండా ఆ పని వద్దు. ఆసుపత్రుల్లో, వెల్డింగ్ షాపుల్లో ఉండే ఆక్సిజన్ సిలిండర్ నుంచి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నింపించకండి. ఆక్సిజన్‌కి రైఫిల్ లోపలి నూనె, గ్రీజు తోడైతే పేలిపోతుంది. ఇంట్లో ఎవరైనా సులువు కదా అంటారేమో, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు డబ్బు. జర్మన్ మ్యాచ్ రైఫిల్ అక్కడే రెండున్నర వేల యూరోలకు పైమాట. పీఎఫ్ లోన్ పెట్టి మరీ దాన్ని తెప్పించే ముందు పాపకు జాకెట్ ఎలాంటిది ఉందో చూడండి. క్లబ్బు జాకెట్, పై గుండీ పట్టనిది, నడుం దగ్గర వదులుగా ఉన్నది వేసుకుంటోందా? చాలామంది పిల్లల పరిస్థితి అదే. జాకెట్ గుడ్డ ఒక పొర 2.5 మిల్లీమీటర్లకు మించకూడదని నిబంధన ఉంది. ఆ పరిమితిలోనే ఒంటికి కొలత తీసి కుట్టించినది వెన్నుకు గోడలా నిలుస్తుంది. కొలతకు కుట్టిన జాకెట్, ప్యాంటు, అడుగు సమంగా ఉన్న షూటింగ్ బూట్లు, ఎడమచేతికి గ్లవ్, వీటితో వచ్చే పాయింట్లు 588 స్థాయిలో రైఫిల్ మార్పుతో వచ్చేవాటికన్నా ఎక్కువని నా అనుభవం. ఎదిగే పిల్ల కాబట్టి సర్దుకునే వీలు వదిలి కుట్టమనండి.

ఆ తర్వాత పెల్లెట్లు. రోజుకు వంద కొడితే 500 ఉండే డబ్బా ఐదు రోజుల్లో అయిపోతుంది. వారానికి నాలుగు రోజులు రేంజ్‌కి వెళ్లినా నెలకు మూడు డబ్బాలకు పైనే. ఇందులో ఆగిపోతే రైఫిల్ ఎంత మంచిదైనా బీరువాలో ఉన్నట్టే లెక్క. చాలా ఇళ్లల్లో జరిగేది ఇదే. ఉన్న డబ్బంతా రైఫిల్‌కి పెట్టేసి, పెల్లెట్ల దగ్గరికి వచ్చేసరికి ‘పొదుపుగా కొట్టమ్మా’ అంటారు. పొదుపుగా కొడితే రాదు ఈ ఆట. అందుకే దేశీ రైఫిల్ కొంటే మిగిలే సొమ్మును మిగులు అనుకోకండి, రెండేళ్ల పెల్లెట్లు, పోటీల రైలు ఛార్జీలు అనుకోండి. భోపాల్, ఢిల్లీ, తిరువనంతపురం, ఎక్కడ పోటీ అయినా పాపతో ఒకరు వెళ్లాలి, హోటల్లో ఉండాలి. గాజువాక నుంచి అవన్నీ దూరాలే.

లోన్ ఇప్పుడు పెట్టవద్దని మీ వారికి చెప్పండి. పాప స్కోరు 615 దాటి, మూడు నాలుగు పోటీల్లో అక్కడే నిలబడితే అప్పుడు ఆ లోన్ సంగతి మాట్లాడదాం. అప్పటికి పాప ఎత్తు ఆగుతుంది, గుర్తింపు దారి దగ్గరపడుతుంది, ఏ ట్రిగ్గర్ కావాలో ఆమె వేలే చెబుతుంది.

పాప 50 మీటర్ల వైపు కూడా చూస్తోందని మీరు రాయలేదు కానీ, ఎన్‌సీసీలో పాయింట్ టూ టూ కొట్టిన పిల్లలు ఆ మాట తప్పకుండా ఎత్తుతారు. అది వేరే లోకం. తూటా పేలే తుపాకి కాబట్టి లైసెన్సు ఉండాల్సిందే. మన నగరంలో పోలీస్ కమిషనర్ గారి కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి, లైసెన్సు వివరాలు దేశవ్యాప్త డేటాబేస్‌లో నంబరుతో నమోదవుతాయి. 12 నుంచి 21 ఏళ్ల మధ్య పిల్లలకు ‘జూనియర్ టార్గెట్ షూటర్’ అనే వర్గం నిబంధనల్లో ఉంది. అందులో దేశీ, విదేశీ అనే చర్చ కూడా తక్కువే, ఆ పోటీల్లో నిలబడే పాయింట్ టూ టూ రైఫిళ్లు బయటివే. ఇప్పటికి క్లబ్బు తుపాకితో, కోచ్ గారి కళ్లెదుట కొట్టనివ్వండి.

ఇక పాపతో మాట్లాడటం. ‘డబ్బుల్లేవు, ఇదే కొంటాం’ అనకండి. ఆ మాట ఆమె రేంజ్‌లో నిలబడిన ప్రతిసారీ చెవిలో మోగుతుంది. రెండు కార్డులు పక్కపక్కన పెట్టి చూపించండి. ఒకటి క్లాంపులో రైఫిల్ కొట్టిన పది చుక్కల కార్డు, రెండోది ఆమె చేత్తో కొట్టిన పది చుక్కల కార్డు. కొనబోయే రైఫిల్ కార్డులో కన్నం 7 మిల్లీమీటర్ల లోపు ఉంటే, ఆ రెండు కన్నాల మధ్య తేడా తనదేనని ఆమెకే కనిపిస్తుంది. ఈ వయసు పిల్లలు అమ్మానాన్నల మాట కన్నా కాలిపర్ మాట త్వరగా నమ్ముతారు.

మీ మరిది గారు ఏదో ఒకటి తేవాలని ఉబలాటపడుతున్నారు కదా, పాప పాదాల కొలత పంపి షూటింగ్ బూట్లు తెమ్మనండి. వాటికి ఏ అనుమతీ అక్కర్లేదు, సూట్‌కేసులో హాయిగా పడతాయి. ఆదివారం బీచ్‌లో ఏ కన్ను తేలిందో, క్లాంపు కార్డు మీద కన్నం ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో నాకు రాయండి. ఏ రైఫిల్, ఎంత బరువుది అనేది ఆ రెండూ చూసి చెబుతాను.